సిమెంటు పలక మీద చెయ్యి వేసి చూడండి

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

పోయిన నెల బాల్కనీ బెంచీల గురించి రెండు ముక్కలు రాశాను. దానికి ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలేదు. సగం మంది అడిగింది ఒకటే: "సిమెంటు బల్ల అద్దంలా మెరవాలంటే ఏం చేయాలి?" మిగతా సగం మంది గోల ఇంకోటి: "అద్దంలా మెరుస్తోంది కానీ మరకలు పడుతున్నాయి, ఏం చేయాలి?" ఈ రెండు గుంపుల్నీ ఒక గదిలో కూర్చోబెట్టి టీ పోస్తే నేను జవాబు రాయాల్సిన పని ఉండదు.

కొత్తగా చదువుతున్నవాళ్ల కోసం ఒక్క మాట. మా నాన్న మొజాయిక్ పాలిష్ మేస్త్రి. నేను హైదరాబాద్ కాటేదాన్‌లో చిన్న షెడ్డు పెట్టుకుని పదిహేడేళ్లుగా సిమెంటుతో బల్లలు, బెంచీలు, బేసిన్లు పోస్తున్నాను. డిజైన్ స్కూల్లో చదవలేదు. తెలిసిందంతా నాన్న దగ్గర కొంత, పాడుచేసిన పలకల దగ్గర ఎక్కువ.

అక్కా, మా ఇంట్లో ఆరుగురం. ఆరడుగుల సిమెంటు డైనింగ్ టేబుల్ తీసుకుందామని చూస్తున్నాం. షోరూమ్‌లో ఉన్నది నున్నగా అద్దంలా ఉంది. "మరకే పడదు మేడమ్" అంటున్నారు. మా ఇంట్లో రోజూ పులుసు ఉండాల్సిందే. ఆదివారం చేపలు, ఏడాది పొడుగునా ఆవకాయ. నమ్మొచ్చా?
— ఒక గృహిణి, మియాపూర్

నమ్మొద్దమ్మా. మరక పడని సిమెంటు నేనింతవరకు చూడలేదు.

సిమెంటు నీళ్లతో కలిసి గట్టిపడేటప్పుడు లోపల సున్నం పుడుతుంది. సున్నానికి, పులుపుకి పడదు. చింతపండు పులుసు, నిమ్మరసం, పుల్ల పెరుగు, ఏది పడినా ఆ చోట పైపొరని కొంచెం తినేస్తుంది. తుడిచాక చూస్తే ఏమీ లేనట్టే ఉంటుంది. కిటికీ వెలుతురు పక్కనుంచి పడినప్పుడు వంగి చూడండి, గిన్నె అడుగంత గుండ్రంగా మెరుపు పోయి మసకగా కనిపిస్తుంది. దాన్ని ఎంత తోమినా పోదు. అక్కడ అంటుకున్నది ఏమీ లేదు, ఉన్న పొరే ఊడిపోయింది. అద్దంలాంటి పలక మీద ఇది కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. అదే కొంచెం మ్యాట్‌గా ఉన్న పలక మీద పడితే మీకూ నాకూ తప్ప ఎవరికీ తెలియదు.

పసుపుది ఇంకో కథ. పసుపులో సున్నం కలిపి పారాణి చేసుకుంటాం కదా, మీ టేబుల్ మీదా అదే జరుగుతుంది. కొత్త సిమెంటు మీద సాంబారు ఒలికితే మరక ఎర్రగా తిరుగుతుంది. "మేడమ్, రక్తం మరకలా ఉంది" అని రాత్రి పదింటికి ఫోన్ చేసినవాళ్లున్నారు. టెన్షన్ పడకండి. పసుపు ఎండకి నిలవదు. ఎండ తగిలేచోట కొన్ని రోజులు ఉంచితే చాలావరకు వెలిసిపోతుంది. ఆవకాయ నూనె మాత్రం మొండిది. లోపలికి దిగి నల్లటి మచ్చయి కూర్చుంటుంది.

అందుకే పైన పూత వేస్తారు. లోపలికి ఇంకిపోయే రకం ఒకటుంది. అది నీళ్లని పీల్చుకోనివ్వదు, సిమెంటు రూపాన్ని మార్చదు, కానీ పులుపుని ఆపలేదు. బయట బెంచీలకి అదే మంచిది. మైనం పూత పెడితే చెయ్యి తీయబుద్ధి కాదు, అంత హాయిగా ఉంటుంది. వేడి కుక్కర్ దించారంటే మాత్రం ముద్ర పడిపోతుంది. మీలాంటి ఇంటికి పీయూ (పాలీయురెథేన్) కోటింగ్ తప్ప దారి లేదు. అది పులుపుని, నూనెని ఆపుతుంది. నిజం చెప్పాలంటే అప్పుడు మీ చెయ్యి తగిలేది సిమెంటుకి కాదు, పల్చటి ప్లాస్టిక్ పొరకి. నాకు అది అంత ఇష్టం ఉండదు. కానీ రోజూ పులుసు తినే ఇంటికి నా ఇష్టాలతో పనేముంది? వేయించుకోండి, మెరిసే గ్లాసీ ఫినిష్ వద్దు, మ్యాట్ అడగండి. వేడి గిన్నె కింద మట్టు ఎలాగూ పెట్టాలి.

పూత ఎప్పుడు వేశారన్నది కూడా అడగండి. ఈ పాఠం నాకు ఖరీదుగా వచ్చింది. 2011 వర్షాకాలంలో ఒకాయన గృహప్రవేశానికి టేబుల్ కావాలని తొందరపెట్టారు. పోసిన తొమ్మిదో రోజు పూత కొట్టి పంపేశాను. లోపలి తడి ఇంకా పోలేదు. బయటికి రావడానికి దారి లేక పూత కిందే ఆగిపోయింది. నెల తిరిగేసరికి టేబుల్ నిండా తెల్లటి మబ్బులు. వ్యాన్ కట్టుకుని వెనక్కి తెచ్చి, ఆ పూతంతా మిషన్‌తో గీకి, మళ్లీ ఆరబెట్టి, మళ్లీ కొట్టి ఇచ్చాను. లాభం సంగతి అడక్కండి. అప్పటినుంచి 28 రోజులు దాటకుండా పీయూ డబ్బా మూత కూడా తీయను.

ఇప్పుడు మీరు చేయాల్సింది. టేబుల్‌కి అడ్వాన్స్ ఇచ్చే ముందు అడుగు పొడవు, అడుగు వెడల్పు పలక ఒకటి అడగండి. అదే మాలు (సిమెంటు కలుపు), అదే పూత. దాన్ని ఇంటికి తెచ్చుకుని రాత్రి పడుకునే ముందు ఒక మూల పులుసు, ఒక మూల ఆవకాయ నూనె, ఒక మూల పసుపు నీళ్లు పోయండి. నడుమ పొగలు కక్కే టీ గ్లాసు పెట్టండి. తెల్లారి తడిగుడ్డతో తుడిచి, కిటికీ దగ్గర వంగి చూడండి. మీరు సర్దుకుపోగలిగే మరకలా కావా అన్నది ఆ పలకే చెబుతుంది. పలక ఇవ్వం అన్నవాళ్ల దగ్గర టేబుల్ తీసుకోవద్దు.

మేడమ్, నేను మాసబ్‌ట్యాంక్‌లో ఆర్కిటెక్చర్ చదువుతున్నాను. స్టూడియో వర్క్‌కి మూడు సిమెంటు స్టూళ్లు చేయాలి. మాలు ఒకటే, టెక్స్చర్లు మూడు రకాలు రావాలి. బడ్జెట్ తక్కువ. సిలికాన్ అచ్చులు కొనలేను. ఏం చేయొచ్చు?
— ఒక విద్యార్థి

తమ్ముడూ, సిలికాన్ లేకపోవడమే నీ అదృష్టం అనుకో. సిమెంటుకి సొంత ముఖం లేదు. దేన్ని ఆనుకుని గట్టిపడితే దాని ముఖమే తెచ్చుకుంటుంది. గాజు మీద పోస్తే గాజులా వస్తుంది. ల్యామినేట్ ప్లై మీద పోస్తే నీ ముఖం కనిపించేంత నునుపు. ఆ ప్లై మీద నువ్వు చూసుకోని వెంట్రుక గీత ఉంటే అదీ వచ్చేస్తుంది. కాబట్టి నీ డిజైనంతా ఫారం, అంటే మాలు పోసే పెట్టె, లోపలి వైపే జరగాలి. పోశాక చేయగలిగేది తక్కువ.

మొదటి స్టూలుకి బట్టల షాపు కవరు చాలు. పల్చటి ప్లాస్టిక్ కవరుని ఫారం అడుగున ముడతలు పడేలా పరిచి మాలు పొయ్యి. ముడతలు ఎక్కువ లాగకు, వాటంతటవి పడనివ్వు. మర్నాడు కవరు పీకితే, మడతలున్నచోట సన్నటి నరాల్లా గీతలు, మధ్యలో పట్టులా మెరుపు. నేను చేసిన వాటిలో జనం ఎక్కువసార్లు తడిమి చూసింది ఇదే. ఖర్చు అయిదు రూపాయలు కూడా కాదు.

రెండోదానికి చెక్క. ప్లేనింగ్ చేయని, రంపం గీతలు కనిపించే సెంట్రింగ్ చెక్కలు సా మిల్లులో అడుగు. ఇక్కడొక మోసం ఉంది. కొత్త చెక్కలో ఉండే చక్కెరలు సిమెంటుని సరిగా గట్టిపడనివ్వవు. విప్పి చూస్తే పైముఖం పిండిలా రాలుతుంది. నాన్న దానికి చెప్పిన ఉపాయం: ముందురోజు ఆ చెక్కలకి సిమెంటు పాలు పూసి, ఆరాక బ్రష్‌తో కడిగెయ్యి. చక్కెరల మొదటి కాటు ఆ సిమెంటు పాలే తినేస్తాయి, తర్వాత పోసేది బాగుంటుంది. చెక్క గీతలు కాంక్రీటు మీద దాచకుండా వదిలేయడం నీకు క్లాసులో చెప్పే ఉంటారు. ల కార్బూజియే అనే ఆర్కిటెక్ట్ ఫ్రాన్స్‌లోని మార్సేల్‌లో 1952లో పూర్తయిన భవనంలో సెంట్రింగ్ చెక్కల అచ్చు ఎలా పడితే అలా ఉంచేశాడు, పైన ప్లాస్టరింగ్ లేదు. మన మేస్త్రులకి అది చూపిస్తే "ఇంకా పని మిగిలుంది సార్" అంటారు. నేను షెడ్డు పెట్టిన కొత్తలో నాన్న అన్నది కూడా ఆ మాటే.

మూడోదానికి రాళ్లు బయటపడే ఫినిష్ చెయ్యి. దీనికి నీకు కావాల్సింది పంచదార. చిక్కటి పాకం కాచి, చల్లారాక ఫారం అడుగున వేసిన దళసరి కాగితానికి పట్టించు. దాని మీద సన్న కంకరో, మొజాయిక్ చిప్సో కలిపిన మాలు పొయ్యి. చక్కెర తగిలినంత మేర సిమెంటు గట్టిపడదు, వెనకాలదంతా గట్టిపడుతుంది. మర్నాడు తిప్పి బ్రష్ పెట్టి కడిగితే పైనున్న మెత్తటి సిమెంటు కారిపోయి రాళ్లు పళ్లలా బయటికొస్తాయి. సున్నం కాలం నాటి మేస్త్రులకి బెల్లం, కరక్కాయ మాలులో పడే దినుసులు. సిమెంటుకి మాత్రం తీపి విషమే. బస్తాలో గుప్పెడు చక్కెర కలిసిందంటే ఆ పూటకి అది గట్టిపడదు. కాబట్టి పాకం గిన్నె దూరంగా పెట్టుకో, మాలు కలిపేచోట టీ తాగకు.

ఇంకొకటి కూడా ఉంది, ఓపికుంటే చెయ్యి. తిరగళ్లకి కక్కు కొట్టేవాళ్లని చూశావా? మీ తరం చూసి ఉండదు. ఉలి, సుత్తి పట్టుకుని టకటకా కొడుతూ రాయి ముఖం గరుకు చేసేవాళ్లు. నున్నగా వచ్చిన సిమెంటు పలకని కనీసం రెండు వారాలు గట్టిపడనిచ్చి అలాగే కొడితే లోపలి రాయి పగిలి మెరుస్తుంది. అంచుకి అంగుళం వదిలెయ్యి, లేకపోతే మూలలు ఊడతాయి. మా షెడ్డుకి ఎదురుగా రాతిపని చేసే ఒక పెద్దాయన ఉండేవాడు. ఆయన కొట్టిన పలక మీద దెబ్బలన్నీ ఒకే దిక్కుకి వాలి ఉంటాయి. గాలికి ఒరిగిన వరిచేను లాగా. నేను కొడితే కోడి గెలికినట్టుంటుంది.

కుర్చీ కూడా చేద్దామనుకుంటే విల్లీ గుల్ అనే స్విస్ డిజైనర్ 1954లో చేసిన లూప్ చైర్ బొమ్మ వెతుక్కుని చూడు. ఒకే ఫైబర్ సిమెంటు రేకుని తడిగా ఉండగానే రిబ్బన్‌లా చుట్టేశాడు. రంగు లేదు, పాలిష్ లేదు. అప్పట్లో దాంట్లో ఆస్‌బెస్టాస్ ఉండేది, తర్వాత అది తీసేసి చేస్తున్నారు. నువ్వు పల్చగా పోయాలంటే గ్లాస్ ఫైబర్ వాడు. అయితే ఏఆర్ (క్షారాన్ని తట్టుకునేది) అని రాసి ఉన్నదే కొను. మామూలు గ్లాస్ ఫైబర్‌ని సిమెంటులోని క్షారం మెల్లగా తినేస్తుంది.

పొక్కుల గురించి అడగలేదు, అయినా చెబుతా, ఎలాగూ వస్తాయి. మాలు పోసేటప్పుడు ఫారాన్ని రబ్బరు సుత్తితో చుట్టూ తట్టు, గాలి బుడగలు పైకి వస్తాయి. ఫారానికి నూనె ఎక్కువ పూస్తే బుడగలు దానికి అంటుకుని ఉండిపోతాయి, గుడ్డతో తుడిచేసినంత పల్చగా చాలు. వాడేసిన ఇంజన్ ఆయిల్ మాత్రం వద్దు, మరక పోదు. ఇంత చేసినా నాలుగు పొక్కులుంటాయి. అన్నం తినే బల్ల అయితే సిమెంటు పాలతో పూడ్చు. స్టూలుకి అయితే వదిలెయ్యి.

గ్లౌజులు లేకుండా మాలు ముట్టుకోకు. మా నాన్నకి చివర్లో రేషన్ షాపు మిషన్ మీద వేలిముద్ర పడేది కాదు. నలభై ఏళ్ల పనిలో వేళ్లు అంత నున్నగా అరిగిపోయాయి.

మా డాబా మీద మేస్త్రి చేత సిమెంటు బెంచీ పోయించాను. ఏప్రిల్‌లో పోశారు. జూలై వానలకి దాని మీద తెల్లటి పొడి తేలింది. సాలెగూడు లాంటి సన్న పగుళ్లు కూడా ఉన్నాయి. మేస్త్రిని అడిగితే "యాసిడ్ పెట్టి కడిగేయండి సార్" అంటున్నాడు. కడగమంటారా?
— ఒక రిటైర్డ్ ఉద్యోగి, అల్వాల్

కడగొద్దండి. బాత్రూమ్ యాసిడ్ ఆ తెల్లపొడితో ఆగదు, కింద ఉన్న సిమెంటుని కూడా తినేస్తుంది. రేపు ఆ బెంచీ మీద కూర్చుంటే మీ పంచెకి ఇసుక అంటుకుంటుంది.

ఆ తెల్లది లోపలి సున్నమే. వాన నీళ్లు బెంచీలోకి దిగి, దాన్ని కరిగించుకుని, ఎండ రాగానే పైకి తెచ్చి వదిలేశాయి. గాలి తగిలి గట్టిపడింది. గోడలకి చౌడు పట్టినట్టు కనిపిస్తుంది కానీ ఇది అంత ప్రమాదం కాదు. పొడిగా ఉన్నప్పుడు గట్టి బ్రష్‌తో రుద్ది ఊడ్చేయండి. మళ్లీ తేలితే మళ్లీ రుద్దండి. ఒకటి రెండు వర్షాకాలాల్లో తగ్గుతూ వస్తుంది. పూర్తిగా ఆరిన ఎండాకాలంలో, నేను పైన చెప్పిన ఇంకిపోయే రకం పూత ఒకసారి కొట్టించండి. బోరు నీళ్లతో బెంచీ కడిగే అలవాటుంటే అది కూడా మానేయండి. గట్టి నీళ్లు ఆరిన ప్రతిచోటా ఇంకో తెల్ల గీత వదులుతాయి.

పగుళ్ల సంగతి. బెంచీ మీద నీళ్లు చల్లి తుడవండి. తుడిచాక నల్లటి గీతలు ముగ్గులా కనిపించి, గోరు పెడితే దిగకపోతే అవి పైపొరవే. బెంచీ విరగదు. గోరు దిగితే మాత్రం మళ్లీ రాయండి. ఇది ఎలా జరిగి ఉంటుందో నేను చూడకుండానే చెప్పగలను. ఏప్రిల్ ఎండలో పోశారు, పైన నీరు తేలింది, నున్నగా రావాలని దాని మీద పొడి సిమెంటు చల్లి స్టీలు గుర్మాలాతో తెగ రుద్దారు. పైన సిమెంటు ఎక్కువ, కింద ఇసుక ఎక్కువ. ఎండకి పైపొర ముందు ముడుచుకుంది, కిందది కదల్లేదు, పగిలింది. మీ మేస్త్రిని తిట్టకండి, ఆయన మీకు నునుపు ఇవ్వాలనే చేశాడు. రోబో సాండ్‌లో దుమ్ము ఎక్కువున్నా ఇదే గొడవ. మేం షెడ్డులో దాన్ని కడిగి వాడతాం.

మళ్లీ పోయిస్తే తెల్లవారుజామున పోయించండి. గట్టిపడగానే తడి గోనెపట్టాలు కప్పి నీళ్లు పట్టండి. మామూలు ఓపీసీ సిమెంటుకి 7 రోజులు, బూడిద కలిసిన పీపీసీకి 10 రోజులు తక్కువలో తక్కువ. మన ఎండలకి నేను 14 రోజులు పడతాను. పొద్దునొకసారి సాయంత్రమొకసారి చెంబుతో చల్లడం క్యూరింగ్ కాదు. మధ్యాహ్నం రెండింటికి పట్టా తడిగా ఉందా అన్నది లెక్క.

మామూలుగా పోసి, పైన లప్పం పెట్టి, సిమెంటు రంగు టెక్స్చర్ పెయింట్ వేస్తే సరిపోదా? ఎందుకింత తిప్పలు?
— ఒక పాఠకుడు, చింతల్

గోడకైతే సరిపోతుంది. బల్లకి లప్పం పెడితే మూడు నెలల్లో అంచుల దగ్గర పెచ్చులూడుతుంది. లప్పం గోడ మీద నిలబడటానికి చేసింది, మోచేతులు మోయడానికి కాదు.

మా అమ్మమ్మగారి ఊళ్లో, హన్మకొండ దగ్గర, ఇల్లంతా ఎర్ర గచ్చు. ఇప్పుడు ఆ ఇల్లు లేదు. ఆ ఎరుపుతో మా హాల్లో ఒక తక్కువ ఎత్తు బెంచీ చేయించుకోవాలని ఉంది. వెలిసిపోకుండా వస్తుందా?
— ఒక బ్యాంకు ఉద్యోగిని, తార్నాక

వస్తుందమ్మా. ఆ ఎరుపు రెడ్ ఆక్సైడ్, అంటే ఇనుము తుప్పులాంటిదే. తుప్పు ఎండకి వెలిసిపోవడం ఎక్కడైనా చూశారా? గచ్చు వెలిసింది అనుకునేది చాలాసార్లు పైకి తేలిన సున్నపు పొర, కింద రంగు అలాగే ఉంటుంది. సిమెంటు బరువులో 100కి 5 పాళ్లు రంగు చాలు. 10 దాటితే రంగు పెరగదు, బలం తగ్గుతుంది.

మామూలు బూడిద సిమెంటుతో కలిపితే మీ అమ్మమ్మ ఇంటి ముదురు ఎరుపు వస్తుంది. తెల్ల సిమెంటుతో కలిపితే కుంకుమ పెట్టెలా పచ్చి ఎరుపు వస్తుంది, మీరు వెతుకుతున్నది అది కాదు. లేత పసుపో, లేత ఆకుపచ్చో కావాలన్నప్పుడే తెల్ల సిమెంటు అవసరం. బస్తాలన్నీ ఒకేసారి, ఒకే లాట్‌లో తెప్పించమనండి. నీళ్లు కూడా ప్రతి కలుపులో కొలిచి పోయాలి. నీళ్లు ఎక్కువైన కలుపు ఆరాక లేతగా వస్తుంది, అప్పుడు బెంచీ రెండు ముక్కల్లా కనిపిస్తుంది.

అయితే మీకు గుర్తున్న ఆ మెరుపు రంగుది కాదు. తాపీతో ఆరీ ఆరకుండా పదిసార్లు రుద్దారు, రోజుల తరబడి నీళ్లు నిలగట్టారు, ఆ తర్వాత ముప్ఫై ఏళ్లు మీవాళ్ల పాదాలు రుద్దాయి. మా ఇంట్లో పండగ ముందురోజు అమ్మ కొబ్బరినూనె చుక్కలు వేసి పాత చీర ముక్కతో తుడిచేది. ఆ రోజు పరుగెత్తితే జారి పడటమే. మీ బెంచీకి నేనైతే పీయూ పూత వేయను. కొబ్బరినూనె కూడా వద్దు, దుమ్ము పడుతుంది, కూర్చున్నవాళ్ల బట్టలకి అంటుతుంది. తేనెమైనం పల్చగా రుద్దించుకోండి, ఆరు నెలలకోసారి మీరే మళ్లీ రుద్దండి. కూర్చునే చోట మెరుపు ఎక్కువై, మూలల్లో తక్కువై, రెండు మూడేళ్లకి అది మీరనుకున్న ఎరుపులోకి వస్తుంది.

కొండాపూర్‌లో తొమ్మిదో అంతస్తు ఫ్లాట్. 6 అడుగులు × 3 అడుగుల సిమెంటు టేబుల్ పెడితే స్లాబ్‌కి ఏమైనా అవుతుందా?
— ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి

లెక్క వేద్దాం. క్యూబిక్ మీటరు కాంక్రీటు సుమారు 2,400 కిలోలు. మీ టేబుల్ పైపలక 2 అంగుళాల మందం గట్టిగా పోస్తే 200 కిలోలు దాటుతుంది, కాళ్లు కాక. ఇళ్ల గదుల స్లాబ్‌ని చదరపు మీటరుకి 200 కిలోల లెక్కన డిజైన్ చేస్తారు కాబట్టి స్లాబ్‌కి భయం లేదు. భయం మీ లిఫ్ట్‌కి, మోసే నలుగురి నడుముకి. గ్లాస్ ఫైబర్ వేసి 20 మిల్లీమీటర్ల మందంలో పోయించుకోండి. సుమారు 80 కిలోలు వస్తుంది. అంచు కిందికి రెండు అంగుళాలు మడిపిస్తే బరువు ఇంకొంచెం పెరుగుతుంది కానీ చూడటానికి దళసరి పలకలాగే ఉంటుంది.

హిమాయత్‌నగర్‌లో మా తాతగారు కట్టించిన ఇల్లు ఈ దసరా తర్వాత అపార్ట్‌మెంట్‌కి ఇస్తున్నాం. హాల్లో మొజాయిక్ ఫ్లోరింగ్, నలుపు, తెలుపు, కొంచెం ఆకుపచ్చ చిప్స్. పారేయడానికి మనసు ఒప్పడం లేదు. ఒక ముక్క కోయించి టీపాయ్ చేయించుకోవచ్చా? ఎవరిని అడిగినా "కొత్త టెరాజో (మొజాయిక్) పలక వస్తుంది కదా మేడమ్" అంటున్నారు.
— ఒక టీచరు

కోయించుకోవచ్చు. కొత్త పలక వస్తుంది, నేనే పోస్తాను, కానీ మీరడిగింది అది కాదు కదా.

ముందు అది పలకల మొజాయిక్కా, అక్కడికక్కడే పోసిందా చూడండి. నేల మీద సన్నటి గాజు పట్టీలు గళ్లుగా కనిపిస్తే అక్కడే పోసింది. అప్పుడు కోత గాజు పట్టీ పక్కనుంచే పోవాలి. గడి మధ్యలో కోస్తే ఎక్కడ పగులుతుందో చెప్పలేం. ఇల్లు పడగొట్టేవాళ్లు వచ్చాక కాదు, వాళ్లు రాకముందే కోయించండి. పొక్లెయిన్ ఒకసారి గుమ్మం దాటిందంటే మీ మాట ఎవరికీ వినపడదు. కోసే మిషన్‌కి నీళ్లు పడుతూ ఉండాలి. పొడి కోతలో లేచే రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో దిగితే బయటికి రాదు. కోసేవాళ్లు వద్దన్నా ముక్కుకి ఎన్95 మాస్కు కట్టించండి.

పైన అరంగుళం దాకా చిప్స్ ఉన్న పొర, దాని కింద మామూలు సిమెంటు బెడ్ ఉంటుంది. బరువు తగ్గుతుందని ఆ బెడ్ కొట్టించకండి. దాన్ని పట్టుకునే పైపొర నిలబడి ఉంది. అలాగే షెడ్డుకి తెస్తే, బోర్లా పెట్టి వెనక సమంగా అరగదీసి, పల్చగా గ్లాస్ ఫైబర్ పొర ఇస్తాం. తర్వాత ముఖానికి పాలిష్. 60 నంబరు గరుకు రాయితో మొదలుపెట్టొద్దు, అది కొత్త నేలకి. యాభై ఏళ్ల నడకకి వచ్చిన పల్లాలన్నీ అది తినేస్తుంది. 120తో ఒక చెయ్యి, ఊడిన చిప్స్ గుంటల్లో అదే రంగు సిమెంటు పాలు, ఆరాక 400, చివర్న ఆక్జాలిక్ పౌడర్‌తో తడి పాలిష్. గుమ్మం దగ్గర ముక్క అయితే మధ్యలో కొంచెం వాలి ఉంటుంది. టీ గ్లాసు నిలబడేంత సమం చేసి మిగతా వాలు ఉంచుకోమని నా సలహా.

కోయించే ముందు హాలు మొత్తం వచ్చేలా ఒక ఫొటో తీసి పంపండి. గాజు పట్టీలు ఎన్ని అడుగులకొకటి ఉన్నాయో టేపు పెట్టి కొలిచి దాని వెనక రాయండి. నాన్న మూడడుగులకొకటి పెట్టేవాడు. గోడ పక్కన వరసలో మాత్రం ఆకుపచ్చ చిప్స్ ఒక పిడికెడు ఎక్కువ వేసేవాడు.